చూసుకుంట పొయ్: సకినాలు నేర్చుకునేవారికి

సకినాలు నేర్చుకుందామని పెద్దవాళ్ల పక్కన కూర్చున్నవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "నీళ్లు ఎన్ని పొయ్యాలె?" వచ్చే జవాబూ ఒకటే: "చూసుకుంట పొయ్." అడిగినవాళ్లకు ఒళ్లు మండుతుంది. పెద్దావిడ గుట్టు దాస్తోందనో, ఆమెకు చెప్పడం చేతకాదనో అనుకుంటారు. నిజానికి ఆమె ఉన్నమాటే చెప్పింది. బియ్యం ఎంతసేపు నానాయి, బట్ట మీద ఎంత ఆరాయి, గిర్నిలో పిండి ఎంత వేడెక్కింది, ఆ పూట గాలి ఎంత పొడిగా ఉంది, ఇవన్నీ తేలాక గానీ ఎన్ని నీళ్లు పడతాయో తెలియదు. ముందే ఒక అంకె చెప్పేస్తే అది మీ పిండికి సరిపోతుందన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు.

అందుకే ఈ అధ్యాయంలో అంకెలు తక్కువ, గుర్తులు ఎక్కువ. చేతిపని వచ్చిన మనిషిని ఏం అడగాలో తెలియకనే చాలామంది ఒక సంక్రాంతికి ప్రయత్నించి, రెండో సంక్రాంతికి దుకాణం దారి పడతారు. "ఎంత?" అంటే ఆమె దగ్గర జవాబు ఉండదు. "ఇప్పుడు సరిపోయిందా? నేను కూడా చెయ్యి పెట్టి చూస్తా" అంటే ఉంటుంది. ఆమె చెయ్యి పిండిలో ఉన్నప్పుడే మీ చెయ్యీ పిండిలో ఉండాలి. ఫోన్లో వీడియో తీసుకోవడం తర్వాతి సంగతి. తడి కెమెరాకు అందదు.

సంక్రాంతి వచ్చిందంటే తెలంగాణ ఇళ్లలో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు, సకినాలు లేకుండా గడవదు. వానాకాలం పంట కోతలై కొత్త బియ్యం ఇంటికి వచ్చే రోజులవి. బిడ్డను ఇచ్చిన ఇంటికి సకినాలు పంపడం మర్యాద, పెండ్లయిన తొలి పండుగకైతే గంపల లెక్కన పంపుతారు. అవతలింట్లో వాటిని ఊరికే తినరు. తెల్లగా ఉన్నాయా, చుట్లు సమానంగా పడ్డాయా, కొరికితే గుల్లగా విరుగుతున్నాయా అని చూస్తారు, ఆ తర్వాత చుట్టుపక్కల పంచుతారు. సకినం అనగానే కొత్తగా చేసేవాళ్ల గుండెలో రాయి పడటానికి ఈ పరీక్ష కూడా ఒక కారణమని నా అనుమానం. మీరు ప్రస్తుతానికి వియ్యపురాలి కోసం చేయడం లేదు. మీ ఇంట్లోవాళ్లు తినడానికి చేస్తున్నారు. ఆ బరువు దించేసి మొదలుపెట్టండి.

తడి కథ

నూనెలో వేగే చుట్ల పిండివంటలు మన దగ్గర చాలా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఉపాయం. జంతికల పిండిలో శనగపిండో మినప్పిండో పడుతుంది, వెన్నో కాగిన నూనో తగులుతుంది, గొట్టంలోంచి ఒత్తుతారు. చేగోడీలకు మరిగే నీళ్లలో పిండి పోసి ఉక్కపెడతారు. అందువల్ల పిండి సగం ఉడికి, చేత్తో పొడుగ్గా పాకించినా తెగదు. తమిళనాట చేత్తో చుట్టే మురుకులోనూ బియ్యప్పిండికి మినప్పిండి, వెన్న తోడుంటాయి.

సకినానికి ఈ సాయాలేవీ లేవు. బియ్యం, నువ్వులు, ఓమ, ఉప్పు. అంతే. గోధుమపిండిలా సాగే జిగురు బియ్యప్పిండిలో ఉండదు. వెన్న లేదు, ఉడకబెట్టడం లేదు. పచ్చిపిండిని పట్టి ఉంచేది నీళ్లు ఒక్కటే. కాబట్టి ఈ వంట మొత్తం తడి కథ. నానబెట్టినప్పుడు గింజలోకి వెళుతుంది. ఆరబోసినప్పుడు పైపైన పోతుంది. కలిపేటప్పుడు మళ్లీ వస్తుంది. చుట్టాక కొంత బట్ట తాగేస్తుంది. మిగిలింది నూనెలో బుడగలై లేచిపోతుంది. ఏ మెట్టు దగ్గర ఎంత తడి ఉండాలో చేతికి తెలిస్తే సకినం వచ్చినట్టే. చుట్టు వంకరగా ఉండొచ్చు, రుచికి దాంతో పని లేదు.

అందరూ చుట్టడం కష్టమనుకుని దానికే భయపడతారు. నా లెక్కలో చుట్టడం మూడో కష్టం. మొదటిది పిండి. రెండోది ఓపిక పట్టి బట్ట మీద వదిలేయడం.

బియ్యం, గిర్ని

మొదటిసారి కిలోతో మొదలుపెట్టకండి. అరకిలో చాలు. పండుగ ముందు రోజు కూడా వద్దు. ఇల్లంతా పనులతో ఉన్నప్పుడు కొత్త పని నేర్చుకోవడమంటే కోపం నేర్చుకోవడమే. పండుగకు రెండు వారాల ముందు ఒక సెలవు రోజు చూసుకోండి.

కొత్త బియ్యమైతే మేలు. పాత బియ్యం కన్నా వాటికి అతుక్కునే గుణం ఎక్కువ. పాతవే ఉంటే ఇంకాస్త ఎక్కువసేపు నానబెట్టుకోవాలి. సన్నబియ్యమే కావాలని లేదు, దొడ్డుబియ్యంతో బంగారంలాంటి సకినాలు చేసే ఇళ్లు ఎన్నో. రాత్రి కడిగి నానబోస్తే తెల్లారేసరికి సిద్ధమవుతాయి. నానాయో లేదో తెలియాలంటే ఒక గింజను గోటితో నొక్కండి. పుటుక్కున విరగకుండా పొడిగా నలిగితే చాలు.

నీళ్లు వంపి, జల్లిగిన్నెలో బాగా ఓడ్చి, నీడలో నూలు బట్ట మీద పలచగా ఆరబోయాలి. ఎండలో వద్దు. ఎండలో పైన గలగలలాడుతూ లోపల పచ్చిగా ఉంటాయి, గిర్నిలో సమానంగా పట్టవు. ఇక్కడ గుర్తు: పిడికిలి నిండా బియ్యం తీసి గట్టిగా పట్టి వదిలితే అరచేతికి నాలుగు గింజలు అంటాలి, చెయ్యి మాత్రం తడి కాకూడదు. చెయ్యి తడిస్తే ఇంకాసేపు ఆగండి. ఒక్క గింజా అంటకపోతే ఆలస్యమైంది. ఫరవాలేదు, కాసిని నీళ్లు చిలకరించి మూత పెట్టి పావుగంట ఉంచండి.

పండుగ వారంలో పిండి గిర్ని ముందు గిన్నెలు వరుస కడతాయి. తడిబియ్యం పట్టే గిర్ని వేరుగా ఉందో లేదో అడగండి. అంతకుముందు మిరపకాయలు పట్టి ఉంటే మీ వంతు వచ్చినా కాసేపు ఆగడమే మంచిది, ఎందుకో మొదటి సకినం కొరికితే తెలుస్తుంది. పిండి వేడిగా వస్తుంది. డబ్బా మూత వెంటనే బిగిస్తే ఆవిరి లోపలే నీరై అక్కడక్కడ ఉండలు కడుతుంది. ఇంటికి వచ్చేదాకా బట్ట కప్పి తెండి.

ఇంట్లో మిక్సీలో పట్టేవాళ్లు కొంచెం కొంచెంగా, మధ్యమధ్య ఆపుతూ పట్టాలి. ఆపకుండా తిప్పితే జార్ వేడికి పిండి ఆరిపోతుంది. ఎక్కడ పట్టించినా సన్నటి జల్లెడ తప్పనిసరి. ఒక్క పలుకు మిగిలినా చుట్టేటప్పుడు సరిగ్గా అక్కడే పోగు తెగుతుంది. జల్లించిన పిండిని గుప్పిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విచ్చిపోవాలి. ఈ తడిపిండిని ఆ పూటే వాడాలి. వేడి రోజుల్లో సాయంత్రానికే పులుపు వాసన కొడుతుంది.

కలపడం

నేను ఇవ్వగల కొద్దిపాటి అంకెల్లో ఒకటి ఇదిగో. కిలో బియ్యానికి నువ్వులు 200 నుంచి 250 గ్రాములు. కొందరు తగ్గిస్తారు. నేను తగ్గించమని చెప్పను. ఈ పిండిలో నూనె గుణం ఉన్నది నువ్వులకే. పిండి పోగు మధ్యలో నువ్వు గింజ పడ్డచోటల్లా అతుకు కొంచెం బలహీనపడుతుంది, అందుకే వేగాక పళ్ల కింద సులువుగా విరుగుతుంది. నువ్వులు తగ్గిస్తే మిగిలేది గట్టి బియ్యప్పిండి. నువ్వులు కడిగి, ఇసుక లేకుండా చూసి, ఆరబెట్టి కలపండి. ఓమ రెండు పెద్ద చెంచాలు, అరచేతుల మధ్య నలిపి వేస్తే వాసన బయటికి వస్తుంది.

ఉప్పు దగ్గర ఒక చిన్న మోసం ఉంది. పచ్చిపిండి నాలుకకు తగిలించి చూసినప్పుడు ఉప్పు సరిగ్గా ఉందనిపిస్తే వేగాక ఎక్కువవుతుంది. నీళ్లు పోతాయి, ఉప్పు పోదు కదా. పచ్చిపిండిలో కొంచెం తక్కువ అనిపించాలి.

ఇక నీళ్లు. పిండి మొత్తం ఒకేసారి కలపకండి. రెండు గుప్పిళ్లు వేరే గిన్నెలోకి తీసుకుని, నీళ్లు చిలకరిస్తూ, అరచేతి అడుగుభాగంతో నొక్కి పిసకండి. చపాతీ ముద్ద కన్నా మెత్తగా రావాలి, గారెల పిండిలా చేతికి అంటుకుపోకూడదు. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలి? నిమ్మకాయంత ముద్ద తీసుకుని బొటనవేలితో కొంచెం ముందుకు తోయండి. అంచులు పగిలితే నీళ్లు చాలలేదు. ముద్ద మెరుస్తూ జారితే ఎక్కువయ్యాయి. పగలకుండా, మెరవకుండా సాగిందా, ఆగిపోండి. "చూసుకుంట పొయ్" అన్న మాటలో చూడాల్సింది ఇదే.

కలిపిన ముద్ద మీద తడిబట్ట ఎప్పుడూ ఉండాలి. మీరు మొదటి ఐదు సకినాలు చుట్టేలోపే మిగతా పిండి పైన ఆరుతుంది. మధ్యలో తెగడం మొదలైతే చేతిని అనుమానించే ముందు పిండిని అనుమానించండి.

కొన్ని ఇళ్లలో మొదటి ముద్దతో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాతే చుట్టడం మొదలుపెడతారు. భక్తి సంగతి అలా ఉంచితే, ఒక ముద్ద చేత్తో పిసికి రూపం చేస్తే పిండి ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది. పాతవాళ్ల అలవాట్లలో ఇలాంటి లాభాలు చాలా ఉంటాయి.

చుట్టడం

నేల మీద పాత దుప్పటి, దాని మీద ఉతికిన తెల్లటి నూలు పంచె పరవండి. గంజి పెట్టని బట్ట కావాలి, గంజి ఉన్నది నీళ్లు తాగదు. సింథటిక్ బట్ట అసలు పనికిరాదు. మోకాళ్లు సహకరించకపోతే డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని కుర్చీలో కూర్చోండి. నేల మీద కూర్చుంటేనే సకినం వస్తుందన్నది అపోహ.

నిమ్మకాయంత ముద్దను కుడిచేతిలో, చూపుడువేలు మధ్యవేలు మీద ఆనేలా పట్టుకోండి. బొటనవేలు పైనుంచి దాన్ని పక్కకు దొర్లిస్తూ ముందుకు తోస్తుంది. దొర్లడం వల్ల పోగుకు పురి పడుతుంది, తోయడం వల్ల పోగు కిందికి దిగుతుంది. రెండూ ఒకేసారి జరగాలి. నులక పేనినట్టు మెలికలు కనిపిస్తే సరిగ్గా వస్తున్నట్టు. పోగు బట్టను తాకగానే మణికట్టు మెల్లగా గుండ్రంగా తిరగాలి. మధ్యలో చిన్న చుట్టు, దాన్ని ఆనుకుని రెండోది, దాన్ని ఆనుకుని మూడోది. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు వదిలితే ఎత్తేటప్పుడు విడిపోతాయి. చివరి కొసను పక్క చుట్టుకు నొక్కి అతికించాలి.

చదివినంత సులువుగా రాదు. అందుకని ముందు సకినం చుట్టడమే మానేయండి. బట్ట మీద తిన్నగా గీతలు పెట్టండి. జానెడు పొడవు, పురితో, తెగకుండా. గీత వచ్చాక ఒక్క చుట్టు. అది వచ్చాక రెండు. మూడు చుట్ల సకినం పూర్తి సకినమే. ఐదారు చుట్లు తిప్పేవాళ్ల పక్కన కూర్చుని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఈ పనిలో నేర్చుకునేవాళ్లకు ఉన్న గొప్ప వరం ఒకటి: నూనెలో పడేదాకా ఏదీ పాడవదు. వంకర పోయిందా, తీసి మళ్లీ ముద్ద చేయండి. తెగిందా, గీకి కలిపేయండి. చేతికి నాలుగు చుక్కల నీళ్లు చాలు. దోసె అయినా, అరిసె అయినా మొదటిది పోతే పోయినట్టే. పచ్చి సకినాన్ని మాత్రం ఎన్నిసార్లయినా వెనక్కి తీసుకోవచ్చు. తప్పుకు ఖరీదు లేని చోట నేర్చుకోకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటాం?

ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య నడిచే మాట ఒకటి ఇలా ఉంటుంది.

"అత్తమ్మా, నాకు వస్తలేదు. ఊకె తెగుతుంది."

"చేతి దిక్కు చూడకు బిడ్డా, బట్ట దిక్కు చూడు. ఏలు దాని పని అది చేస్తది."

ఇందులో మంచి బోధన ఉంది. వేళ్లను గమనిస్తూ కూర్చుంటే వేళ్లు బిగుసుకుంటాయి. పోగు ఎక్కడ పడాలో అక్కడ చూపు నిలిపితే మణికట్టు వదులవుతుంది. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఎడమచేత్తోనే, తమకు వీలైన దిక్కుకే తిప్పుకోవాలి. "అటు కాదు ఇటు" అని మధ్యలో సరిదిద్దేవాళ్లను మర్యాదగా పొయ్యి దగ్గరికి పంపించండి.

జంతికల గొట్టంతో ఒత్తుకోవచ్చు కదా అని అడుగుతారు. ఒత్తుకోండి, ఎవరూ కాదనరు. కానీ గొట్టంలోంచి వచ్చే పోగుకు పురి ఉండదు, పిండి బాగా కుదించుకుపోయి దిగుతుంది. తినడానికి బాగానే ఉన్నా అది బియ్యప్పిండి జంతిక అవుతుంది.

బట్ట మీద ఆగడం

చుట్టిన వెంటనే నూనెలో వేయాలన్న తొందర అందరికీ కలుగుతుంది. వేస్తే రెండు జరుగుతాయి. ఎత్తేటప్పుడే సగం విరుగుతాయి, మిగతా సగం నూనెను చిమ్మిస్తాయి. బట్ట వాటి తడిని కొంచెం తాగాలి. హైదరాబాద్ జనవరి పొడిగాలిలో అరగంటకు సిద్ధమయ్యేవి, కోస్తా ఊళ్ల తేమలో గంట తీసుకోవచ్చు. గడియారం చూడకండి. ఒక సకినం కింద బట్టను కొద్దిగా పైకి లేపండి. సకినం వంగకుండా, చుట్లు విడిపోకుండా బట్టను వదిలితే వేళయింది. బట్టకు పట్టుకునే ఉంటే ఆగండి. పైన వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే ఆలస్యం చేశారు, వెంటనే పొయ్యి వెలిగించండి. ఫ్యాన్ గిర్రున తిప్పితే పైపొర ఆరి లోపల తడి నిలుస్తుంది. దాని ఫలితం నూనెలో తెలుస్తుంది.

ఎత్తడానికి పలచటి స్టీలు పళ్లెం అంచో, వెడల్పాటి అట్లకాడో వాడండి. పళ్లెం మీద మూడు నాలుగు పేర్చుకుని, మూకుడు అంచు నుంచి జార్చాలి. పైనుంచి పడేయకూడదు.

నూనె

పల్లి నూనె ఈ వంటకు అలవాటైన రుచి. మూకుడు సగానికి మించి నింపకండి, తడి పిండి పడగానే నూనె పొంగి పైకి లేస్తుంది. చిటికెడు పిండి వేసి చూస్తే అది అడుగుకు వెళ్లి, బుడగలతో నింపాదిగా పైకి రావాలి. వెంటనే తేలి ఎర్రబడితే వేడి ఎక్కువ. అడుగునే కూర్చుంటే తక్కువ. థర్మామీటర్ ఉన్నవాళ్లు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుకోవచ్చు, లేనివాళ్లకు చిటికెడు పిండి చాలు.

వేసిన మొదటి నిమిషం గరిటె పెట్టకండి. పచ్చిపిండి అప్పుడే ఉడికి గట్టిపడుతుంటుంది, కదిలిస్తే ముక్కలవుతుంది. తర్వాత ఒకసారి తిప్పండి. ఇక చెవికి పని. మొదట గట్టిగా చిటపటలాడే నూనె క్రమంగా శాంతిస్తుంది. ఆ బుడగలన్నీ సకినంలోంచి పోతున్న నీళ్లే. చప్పుడు దాదాపు ఆగిందంటే లోపల తడి పోయిందని అర్థం, అప్పుడు తీయాలి. రంగు కోసం ఎదురుచూస్తే మాడుతుంది. మంచి సకినం పాలమీగడ రంగు దాటదు, నువ్వులు మాత్రం కొద్దిగా బంగారు వన్నె తిరుగుతాయి. తీసినవాటిని జల్లెడలో పరవకుండా నిలబెట్టి పేరిస్తే నూనె కిందికి దిగుతుంది.

సకినాలు పేలతాయన్నది ఉత్త భయం కాదు. పోగు లావుగా ఉండి, పైపొర గట్టిపడి, లోపలి నీళ్లు ఆవిరై బయటికి దారి లేకపోతే ముక్క పగిలి నూనె ఎగురుతుంది. పోగు సన్నగా సమానంగా ఉంచడం, మంట మధ్యస్థంగా పెట్టడం, మొదటి వాయి పడ్డాక ముఖం వెనక్కి తీసుకోవడం ఇందుకే. పిల్లలు బట్ట దగ్గర ఉండొచ్చు, పొయ్యి దగ్గర వద్దు. ఎప్పుడైనా నూనెకు మంట అంటుకుంటే స్టవ్ ఆపి మూకుడు మీద మూత బోర్లించాలి. నీళ్లు పోయడం ప్రాణం మీదికి తెస్తుంది.

మిగిలిన నూనె గురించి ఒక మాట. పదేపదే కాచిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమం, 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఇంట్లో దాన్ని కొలవలేం కాబట్టి నల్లబడినా, చిక్కబడినా, తక్కువ మంటకే పొగ వస్తున్నా పారేయడమే. పారేయడమంటే సింకులో పోయడం కాదు. చల్లార్చి సీసాలో పోసి బయటికి వేయండి.

గట్టిగా వచ్చాయా? ఎక్కువసార్లు కారణం పొడిపిండి, లేదా తక్కువ నువ్వులు. నూనె పీల్చాయా? నూనె కాగకముందే వేశారు, లేదా ఒకే వాయిలో ఎక్కువ వేయడంతో వేడి పడిపోయింది. రెండో రోజుకే మెత్తబడ్డాయా? చప్పుడు ఆగకముందే తీశారు, లేదా వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత బిగించారు. అలా మెత్తబడ్డవాటిని సన్నటి సెగ మీద కాగిన నూనెలో ఇంకోసారి ముంచి తీస్తే చాలావరకు కోలుకుంటాయి.

ఎవరెవరు

ఒంటరిగా చేయొద్దు. ఇది ముచ్చట కోసం చెప్తున్న మాట కాదు, పని లెక్క. పిండి ఆరకుండా చుట్టాలి, బట్ట మీదివి సమయానికి ఎత్తాలి, నూనె దగ్గర ఒకరు కదలకుండా నిలబడాలి. ఈ మూడూ ఒకే గంటలో జరుగుతాయి. ఒక్కరే చేస్తే ఏదో ఒకటి చెడుతుంది, చివరికి "నాకు రాదు" అన్న మాట మిగులుతుంది. ఊళ్లలో ఇవాళ మీ ఇల్లు, రేపు మా ఇల్లు అని వాడకట్టు ఆడవాళ్లంతా కలిసి చుట్టేది ఇందుకే. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ వదినెను పిలవండి. నూనె ముందు నిలబడటానికి, బియ్యం గిర్నికి మోయడానికి, ఆ మాటకొస్తే చుట్టడానికి కూడా, ఇంట్లో మగవాళ్లకు ఏ అడ్డూ లేదు. పిండివంటలు అమ్మే దుకాణాల్లో మగవాళ్ల చేతులు కూడా ఈ పని చేస్తూనే ఉన్నాయి.

అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్లు దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండి ప్యాకెట్‌తో ప్రయత్నించి విసిగిపోతారు. అది పొడిబియ్యం పట్టిన పిండి, ఎన్ని నీళ్లు పోసినా ఆ మెత్తదనం రాదు. సోనామసూరి నానబెట్టి మిక్సీలో పట్టుకోవడమే దారి. చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి బట్ట మీద తొందరగా ఆరతాయి, కన్నేసి ఉంచాలి. కరెంటు కాయిల్ స్టవ్ సెగ తగ్గించిన వెంటనే చల్లబడదు, కాబట్టి అవసరానికి కొంచెం ముందే తగ్గించండి. స్మోక్ అలారం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

పూర్తిగా చల్లారాక స్టీలు డబ్బాలో, కింద ఒక కాగితం వేసి పేర్చండి. తడిచెయ్యి పెట్టకుండా ఉంటే పండుగ దాటి వారాలపాటు బాగుంటాయి. బస్సులోనో విమానంలోనో పంపాలంటే నిలువుగా, పక్కపక్కన ఒత్తుగా సర్దండి. మధ్యలో ఖాళీ ఉంటే పొడి పంపినట్టే.

ఇంకా కొంచెం పిండి మిగులుతుంది, ఎప్పుడూ మిగులుతుంది. చుట్టే ఓపిక ఎవరికీ ఉండదు, రాత్రికి అన్నం వండే ఓపిక అంతకన్నా ఉండదు. నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, కరివేపాకు ఆ పిండిలో కలిపి, నూనె రాసిన మందపాటి గిన్నె లోపల పలచగా తట్టండి. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, చిల్లుల్లో కాస్త నూనె వేసి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తే సర్వపిండి అవుతుంది. ఉప్పు ఈ పిండిలో ముందే ఉంది, మళ్లీ వేయకండి.